కొబ్బరినీళ్ళతో పాటు వైఫై

కిందటివారం కుమారస్వామిగారి ముందుగదిలో, టీపాయ్ మీద పెట్టిన ఒక తెల్లకాగితం దగ్గర ఆగాం. ఆ కాగితం మీద వీరవేణి సంతకం పెట్టాలి. పెన్ను కూడా మూత తీసి పక్కనే పెట్టారు. ఆవిడ ఇంకా ముట్టుకోలేదు.

సంగతి మరిచిపోయినవాళ్ళకి ఒకసారి చెప్పుకుందాం. కొత్తపేటలో కుమారస్వామిగారికి పెళ్ళి వీడియోల స్టూడియో ఉంది. స్టూడియో అంటే ఇల్లే. ముందుగదిలో పెళ్ళివాళ్ళు కూర్చుని ఫోటోలు ఏరుకుంటారు, వెనకగదిలో ఎడిటింగ్ జరుగుతుంది. పెళ్ళికూతుర్ని ముస్తాబు చేసే గదిలో తీసిందంతా ఆడమనిషే ఎడిట్ చెయ్యాలని ఆయన ముందునుంచీ ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. ఆ ఆడమనిషి వీరవేణి. వాడపల్లి నుంచి రోజూ స్కూటీ మీద వస్తుంది, ఐదేళ్ళుగా అదే పని. రాజోలు నుంచి కూడా పనిగట్టుకుని ఇక్కడికే వస్తున్నారంటే అందులో సగం ఆవిడ మీది నమ్మకమే.

అంబాజీపేట అవతల కొబ్బరితోటల ఆసామి కాశీవిశ్వనాథంగారు మాఘమాసంలో కూతురు రమ్యశ్రీ పెళ్ళి చేశారు. సంబంధం రాజోలుది. పెళ్ళయి పిల్ల పుట్టింటికొచ్చింది, మంచిరోజు చూసి కాపురానికి పంపాలనుకుంటున్నారు. ఇంతలో ఒక వీడియో ముక్క వాట్సాప్ గ్రూపుల్లో పడింది. నలభై రెండు సెకన్లు. ముస్తాబు గదిలో మూల స్టాండు మీద ఉన్న కెమెరా ఆగలేదని ఎవరూ చూసుకోలేదు. అందులో రమ్యశ్రీ, తలకి బాసికం కట్టించుకుంటూ, ఈ పెళ్ళి వద్దని ఏడుస్తోంది. రాజోలువాళ్ళు ఆదివారం పెద్దమనుషుల్లో కూర్చుందామని కబురు పెట్టారు.

కాశీవిశ్వనాథంగారు తెచ్చిన కాగితం దానికి విరుగుడు. 'వేరే వేరే చోట్ల మాటలు తెచ్చి నేనే అతికించాను, ఆ అమ్మాయి అలా అనలేదు' అని రాసి ఉంది. కింద వీరవేణి పేరు, పేరు మీద ఖాళీ. ఆ ఖాళీ నిండితే రమ్యశ్రీ కాపురం నిలబడుతుందని ఆ తండ్రి ఆశ. నిండితే మాత్రం ఈ జిల్లాలో ఏ పెళ్ళికూతురి తల్లీ వీరవేణిని తమ వీడియో దగ్గరికి రానివ్వదు.

ఇందులో ఇంకో చిక్కుంది. బయటికొచ్చిన ముక్క సరిగ్గా వీరవేణి కత్తిరించిన చోట మొదలై, వీరవేణి కత్తిరించిన చోటే ముగిసింది. ఆ సంగతి కాశీవిశ్వనాథంగారికి తెలియదు గానీ, వీరవేణే చెప్పగా కుమారస్వామిగారికి బాగా తెలుసు. అందుకే ఆయన ఇందాకటి నుంచీ ఆవిడ మొహం చూడకుండా కిటికీలోంచి అరటిచెట్టుని చూస్తున్నారు.

పొద్దున్న పదకొండు దాటింది. భవానీదేవిగారు వంటింట్లోంచి వచ్చారు. కుమారస్వామిగారి భార్య ఆవిడ. ఇంటికి ఎవరొచ్చినా, తగాదాకొచ్చినా సరే, గొంతు తడుపుకోకుండా వెళ్ళకూడదని ఆవిడ పట్టుదల.

"తీసుకోండన్నయ్యగారూ. ఇప్పుడే దింపేరు, లేతబొండాలు," అంటూ స్టీలుగ్లాసు అందించారు. అలవాటు కొద్దీ ఆ వెంటనే, "ఇక్కడ సిగ్నలు అందదండి, చుట్టూ చెట్లు కదండీ. మా వైఫై పెట్టుకోండి," అన్నారు.

"ఆయ్. అదే ఎక్కేసిందమ్మా," అన్నారు కాశీవిశ్వనాథంగారు. "పెళ్ళికి మాట్లాడుకోడానికొచ్చిన రోజున మీరే పెట్టిచ్చేరు కదా."

ఐదేళ్ళలో వీరవేణి ఈ మాటలు కొన్ని వందలసార్లు విని ఉంటుంది. ఈ ఇంట్లో మర్యాదంటే కొబ్బరినీళ్ళు, దాంతో పాటు వైఫై. పాస్‌వర్డు క్యాలెండరు మీద స్కెచ్‌పెన్నుతో రాసి కూడా ఉంది. రోజూ వినే మాట ఎవరు మాత్రం పట్టించుకుంటారు? ఈ రోజు మాత్రం ఆవిడ ఆ గ్లాసు వైపు చూసింది, తరవాత ఆయన చేతిలో ఫోను వైపు చూసింది. 

"బాబాయిగారూ, సంతకం పెట్టేముందు ఒక్క పావుగంట ఇప్పించండి," అంది.

కుమారస్వామిగారు కిటికీ వదిలి ఇటు తిరిగారు. "ఇంకా ఏవుందమ్మా? పన్నెండు రోజుల్నించీ అదేగా మాట్లాడుకుంటున్నాం. నిన్ను జైల్లో పెట్టట్లేదు, పోలీసుల్ని పిలవట్లేదు. ఆ పిల్ల బతుకు చూడు."

"చూస్తానండి. ముందు మీ రౌటరు సంగతి విశ్వనాథంగారికి ఒకసారి చెప్పండి."

రౌటరు మాటెత్తితే కుమారస్వామిగారికి ఇంత కష్టంలోనూ కాస్త ఊపొస్తుంది. మూడేళ్ళ కిందట వేరే ఎక్కడో పనివాడొకడు పెళ్ళి ఫోటోలు బయట పెట్టాడని తెలిసినప్పుడు ఆయన నాలుగు ఆదివారాలు వరసగా కూర్చుని, వీడియోలు చూసి, ఎవరి సాయం లేకుండా నేర్చుకున్న విద్య అది. రౌటరు అలమార మీద, వాడపల్లి స్వామి పటం పక్కన ఉంటుంది. రెండిటికీ ఆయన రోజూ దుమ్ము తుడుస్తారు.

"ఎడిటింగ్ కంప్యూటర్లు రెండండి మాకు," అని మొదలుపెట్టారు. "ఆ రెండిటికీ ఇంటర్నెట్ లేదు. ఒక్కోదాని నంబరూ రాసుకుని రౌటర్లోనే కట్టేశాను. ఆ కంప్యూటర్లోంచి చీమంత ఫోటో కూడా బయటికెళ్ళదు. కానీ పని జరగాలి కదండీ. ఒకదాన్లో కత్తిరించింది ఇంకోదాన్లో అతకాలి. అందుకని రౌటరుకే ఒక హార్డ్‌డిస్కు తగిలించేను. ఇంట్లో ఇంట్లో ఫైళ్ళు తిరుగుతాయి, గుమ్మం దాటవు. ఈవిడ ఫోను కూడా లోపలికి పోదు. పొద్దున్న రాగానే జంతికల డబ్బాలో పెట్టేసి వెళ్ళాలి."

"అన్ని జాగర్తలుంటే మరి నా కూతురు ఊరందరి ఫోన్లలోకీ ఎలా ఎక్కిందండీ?" అన్నారు కాశీవిశ్వనాథంగారు. ఆయన గొంతు పెంచే మనిషి కాదు. "ఊరంతా చూసేరు. పాలవాడు చూసేడు. నేను చూడలేదు, చూడను. ఆ అమ్మాయి ఇంకే దారినో తీసుంటుంది, అంతేగా?"

"అంతేనండి," అన్నారు కుమారస్వామిగారు నేలచూపులు చూస్తూ. "పెన్‌డ్రైవులో తీసుండాలి. ఇంకో దారి లేదు."

ఈ మాట ఆయన ఎవరితోనో అనగా విన్నప్పుడు ఒకలా ఉంది, ఎదురుగా అన్నప్పుడు ఇంకోలా ఉంది. వీరవేణికి ఏడుపొచ్చింది. కానీ ఏడిస్తే పావుగంట అందులోనే పోతుందని మింగేసింది.

"ఆ డిస్కుకి పాస్‌వర్డు ఏవిటండీ బాబాయిగారూ?"

"పాస్‌వర్డా? మొదట్లో ఉండేది కదమ్మా. తెరిచినప్పుడల్లా అడుగుతోంది, ప్రాణం విసిగిపోతోందని నువ్వే తీయించేవు."

"ఆయ్. నేనే తీయించేను. ఆ తప్పు నాది," అంది వీరవేణి. "విశ్వనాథంగారూ, మీ ఫోనొకసారి ఇస్తారా అండీ? మీ ఎదురుగానే చూస్తాను."

ఆయన ఫోను ఇచ్చారు. ఆవిడ ఆయన పక్కన, ఆయనకి కనిపించేలా నిలబడి, ఫైళ్ళు ఉండే చోటు తెరిచింది. అడుగున నెట్‌వర్క్ అని ఒకటుంది. దాన్ని నొక్కింది. చిన్న చక్రం రెండు చుట్లు తిరిగింది. ఏ పాస్‌వర్డూ అడగలేదు. స్టూడియో అని ఒక ఫోల్డరు కనిపించింది. దాన్ని నొక్కితే పేర్లు బారుగా దిగాయి. ఇంటిపేరు, ఊరు, తారీఖు. అంబాజీపేట, అయినవిల్లి, ముక్తేశ్వరం, పి.గన్నవరం.

"మీకు నచ్చిందొకటి నొక్కండి," అంది.

ఆయన అర్థం కాకుండానే ఒకదాన్ని నొక్కారు. మంగళస్నానాలు. ఎవరో పంతొమ్మిది ఇరవయ్యేళ్ళ పిల్ల, ఒంటినిండా పసుపు, తడిచీర, చుట్టూ మేనత్తలు నవ్వుతూ బిందెలు కుమ్మరిస్తున్నారు. కాశీవిశ్వనాథంగారు చటుక్కున మొహం తిప్పేసుకుని, ఫోను టీపాయ్ మీద బోర్లా పెట్టేశారు. లోపల నవ్వులు మాత్రం కాసేపు వినిపించాయి. వీరవేణి వంగి దాన్ని ఆపింది.

"ఎవరి పిల్లమ్మా అది?" అన్నారు.

"ఎవరి పిల్లైతే ఏవిటండీ. మీ ఫోను మా ఎడిటింగ్ కంప్యూటరు కాదు కదా. మీరు వెనకగదిలోకి రాలేదు, పెన్‌డ్రైవు తేలేదు. ఈ సోఫాలో కూర్చుని కొబ్బరినీళ్ళు తాగుతున్నారు. బాబాయిగారు బయటికెళ్ళే దారి మూసేరు. నిజవే, గట్టిగానే మూసేరు. కానీ వైఫై ఎక్కిన ప్రతి ఫోనూ ఇంట్లో మనిషి కిందే లెక్క. లోపల గదులకి గడియల్లేవు."

"అంటే ఇక్కడికొచ్చి కూర్చున్న ప్రతివాడూ..."

"చూడొచ్చండి. ఫోన్లోకి తీసుకోవచ్చండి. ఇంటికెళ్ళి తీరిగ్గా పంచుకోవచ్చండి."

కుమారస్వామిగారు సోఫా వైపు చూశారు. మూడేళ్ళు. మూడేళ్ళలో ఈ సోఫాలో ఎంతమంది కూర్చున్నారు! పెళ్ళివాళ్ళు, వాళ్ళకి తోడొచ్చినవాళ్ళు, పురోహితులు, పందిరి వేసేవాళ్ళు. ప్రతి ఒక్కరికీ తన భార్యే గ్లాసు ఇచ్చి, తన ఇంటి గుట్టంతా చేతిలో పెట్టి పంపింది. ఆవిడనేం అనగలరు? ఇవ్వమన్నదీ తనే. సిగ్గుతో ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఇంకేమీ తోచక స్టూలు లాక్కుని, ఎక్కి, రౌటరు మీద చెయ్యి వేశారు.

"దాన్ని ఆపకండి బాబాయిగారూ!" అని వీరవేణి అరిచింది. "డిస్కు ఒక్కటీ పీకండి. రౌటరు ఆపితే అందులో ఉన్న జాబితా పోతుంది."

ఆయన డిస్కు పీకి, దాన్ని రెండు చేతులతో గుండెకి ఆనించుకుని స్టూలు మీదే నిలబడిపోయారు. "వీరవేణమ్మా," అన్నారు.  ఆవిడకి కావలసింది ఆ పిలుపులోనే ఉంది. పన్నెండు రోజుల తరవాత ఆయన ఆవిడ మొహంలోకి చూశారు.

కాశీవిశ్వనాథంగారు న్యాయం తెలిసిన మనిషే. టీపాయ్ మీది కాగితాన్ని ఒక వేలితో పక్కకి జరిపారు. చింపలేదు. "జాబితా అన్నావు. ఏం జాబితా?"

వీరవేణి చెప్పింది. ఆ ముక్కని తనే కత్తిరించింది, పెళ్ళి సినిమాలో పొరపాటున కూడా కలవకూడదని. రెండు వారాల కిందటి గురువారం, పదకొండు గంటలకి, డిస్కులో 'తీసెయ్యాల్సినవి' అనే ఫోల్డరులో పెట్టింది. కుమారస్వామిగారు షూటింగ్ నుంచి నాలుగింటికొచ్చి, విషయం విని, తను చూడకుండానే తీసెయ్యమన్నారు. తీసేసింది. అది డిస్కులో ఉన్నది ఆ ఐదు గంటలే. ఎవరు తీసుకున్నా ఆ ఐదు గంటల్లో ఈ వైఫై మీద ఉండాలి. ఎప్పుడు ఎవరి ఫోను ఎక్కిందో రౌటరు రాసి పెట్టుకుంటుంది. కరెంటు పోతే అదంతా తుడిచిపెట్టుకుపోతుంది గానీ, ఇన్వర్టరు పెట్టాక ఈ రౌటరు ఎప్పుడూ ఆగలేదు.

"పిన్నిగారూ," అంది భవానీదేవిగారి వైపు తిరిగి. "ఆ గురువారం ఇంటికి ఎవరొచ్చేరండీ?"

"గురువారమా? ఎవరూ రాలేదమ్మా," అన్నారావిడ.

మరీ తొందరగా అన్నారు. ఏ పెళ్ళిలో ఎవరు ఎన్ని పూతరేకులు తిన్నారో పదేళ్ళ తరవాత కూడా చెప్పగల మనిషి, రెండు వారాల కిందటి గురువారాన్ని తలుచుకోడానికి ఒక్క క్షణం కూడా తీసుకోలేదు. ఖాళీగ్లాసు తీసుకోడానికి వంగినవారు అలాగే ఉండిపోయారు. 

వీరవేణి ముందుగదిలో ఉండే కుమారస్వామిగారి లాప్‌టాప్ తెరిచింది. ఆయన స్టూలు మీది నుంచే రౌటరు పాస్‌వర్డు చెప్పారు, వాడపల్లి స్వామి పేరే అది. జాబితా వచ్చింది. గురువారం దాకా వెనక్కి జరుపుకుంటూ వెళ్ళింది.

ఆ ఐదు గంటలకీ నాలుగు వరసలున్నాయి.

నాలుగో వరస చదివి ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుంది. ఫోను పేరు, దాని పక్కన ఎక్కిన టైము, పన్నెండు పది. చాలామంది ఫోను కొన్న రోజునే దానికి తమ పేరు పెట్టుకుంటారు, తరవాత ఆ సంగతి మరిచిపోతారు. ఈ ఫోను గలావిడ కూడా అలాగే పెట్టుకుంది.

రమ్యశ్రీ.

వీరవేణి తలెత్తేసరికి భవానీదేవిగారు ఆవిడనే చూస్తున్నారు. కళ్ళనిండా నీళ్ళు. కాశీవిశ్వనాథంగారి వెనకనుంచి, ఆయనకి కనపడకుండా, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపారు. అప్పుడు వీరవేణికి కొంత అర్థమైంది. ఆ పిల్ల ఒంటరిగా వచ్చింది. ఇంట్లో చెప్పకుండా వచ్చింది. ఈవిడ అలవాటు ప్రకారం గ్లాసు చేతికిచ్చి, వైఫై ఎక్కించి, ఏడుస్తుంటే వీపు నిమిరి, ఎవరికీ చెప్పనని మాటిచ్చి ఉంటారు. ఫోను తిరగేస్తుంటే డిస్కు తెరుచుకుని, తన ఏడుపే తనకి కనిపించి ఉంటుంది; అందులోంచి ఆ పిల్ల ఏం తీసుకుంటోందో ఈవిడకేం తెలుసు? బయటికి దారే లేదని మొగుడు చెప్పిందే ఈవిడా నమ్మారు. ఇందాక మంగళస్నానాల నవ్వులు విన్నాకే ఆవిడకి తెలిసి ఉంటుంది. తెలిసి కూడా మాట మీద నిలబడ్డారు.

మాట మీద నిలబడడం మంచిదే. కానీ దాని ఖరీదు వీరవేణి పేరు.

"ఏవుందమ్మా?" అన్నారు కాశీవిశ్వనాథంగారు. "నా కళ్ళజోడు కార్లో ఉండిపోయింది. చదువు."

"మొదటిది మా ఎడిటింగ్ కంప్యూటరండి. నేను పని చేస్తున్నాను. రెండోది పిన్నిగారి ఫోను, అది ఎప్పుడూ ఉంటుంది. మూడోది ఈ టీవీ."

"నాలుగోది?"

వీరవేణి తెరని కాస్త తన వైపు తిప్పుకుంది.

"చదువమ్మా. ఎవడైనా సరే, ఎంత పెద్దవాడైనా సరే. నా కూతురి కన్నీళ్ళని ఊళ్ళో పంచిపెట్టినవాణ్ణి ఆదివారం పెద్దమనుషుల ముందు నిలబెడతాను. నీ మీద పడ్డ నింద కూడా అక్కడే, అందరి ముందూ తీయిస్తాను. నాదే పూచీ."

అదే ఆవిడకి కావలసింది. పన్నెండు రోజులుగా నిద్రలో కూడా కోరుకున్నది అదే. పెదవి కదిపితే చాలు, రేపట్నుంచి తలెత్తుకుని పనిలోకి రావచ్చు. తను చెయ్యని పని తన మీద వేసుకోడానికి వీరవేణి అంత పిచ్చిదేం కాదు. చెప్పి తీరుతుంది. కానీ ఆ నలభై రెండు సెకన్లు ఆవిడకి కంఠతా వచ్చు. ఈయనకి రావు.

"చదువుతానండి," అంది. "ముందు ఒక్క మాట. ఆ వీడియో మీరు చూడలేదన్నారు. మీ ఫోనుకి ఎవరూ పంపలేదా అండీ?"

"ఎందుకు పంపలేదు? పదిమంది పంపేరు. తెరవలేదు. పెళ్ళి వద్దని ఏడ్చిందట, అందరూ చెప్పేరు. మళ్ళీ నేను చూడ్డం దేనికి?"

"అందరూ చివరి మాటే చెప్పేరండి. మొదటి మాట ఎవరూ చెప్పలేదు. మీరు చూడక్కర్లేదు, కళ్ళు మూసుకోండి. వినండి చాలు. విన్నాక చదవమంటే చదువుతాను."

 ఆయన బోర్లా పెట్టిన ఫోను తీసి, కళ్ళకి దగ్గరగా పెట్టుకుని వెతికి, తెర మీద నొక్కి, కళ్ళు మూసుకున్నారు.

సన్నాయి వినిపించింది, దూరంగా, గోడ అవతల నుంచి. గాజులు గలగలలాడాయి. తరవాత రమ్యశ్రీ గొంతు. ఏడుస్తున్న గొంతు కాదు. ఏడుపు ఇంకా మొదలవలేదు. మెల్లగా, బతిమాలుతున్నట్టు.

"అమ్మా, ఒక్కసారి నాన్నగారిని పిలవ్వా? నాన్నగారితో నేను చెప్పుకుంటానమ్మా. ఆయనైతే వింటారు."

"ఇప్పుడేవిటే? నాన్నగారు మగపెళ్ళివారి దగ్గరున్నారు. కదలకు, బాసికం జారిపోద్ది."

స్టూలు మీద కుమారస్వామిగారు డిస్కుని ఇంకా గట్టిగా పట్టుకున్నారు. ఊరంతా చెప్పుకున్న ఏడుపు ఆ తరవాత వచ్చింది, ముక్క అయిపోయింది. కాశీవిశ్వనాథంగారు కళ్ళు తెరవలేదు. తడుముకుని మళ్ళీ నొక్కారు. సన్నాయి, గాజులు. 'ఆయనైతే వింటారు' దగ్గర వేలితో ఆపేశారు.

"ఈ ముక్క పంచినవాళ్ళు," అన్నారు ఆయన కళ్ళు మూసుకునే, "ఊరు వినాలని పంచలేదేమో కదమ్మా."

వీరవేణి లాప్‌టాప్‌ని మెల్లగా ఆయన వైపు తిప్పి, నాలుగో వరస మీద వేలు పెట్టింది. కళ్ళజోడు లేని ఆ మనిషి కళ్ళు తెరిచి, అక్షరాలు ఆనడం కోసం ముందుకి వంగారు.